మీ గురి ఎవరి చేతిలో ఉంది?

మీలో కొందరు వంటింట్లో పని చేసుకుంటూ వింటూ ఉండవచ్చు. కొందరు మంచం మీద నుండి వింటూ ఉండవచ్చు. ఎక్కడున్నా కొద్దిసేపు నాతో ఉండండి. ఈ దినం ఒక చిన్న ప్రశ్న మీ ముందు పెట్టాలని ఆశిస్తున్నాను. ఈ సంవత్సరం మీరు ఏదైనా గురి పెట్టుకున్నారా? పెట్టుకుంటే, ఆ గురి ఎవరి చేతిలో ఉంది? మీ చేతిలోనా, మరొకరి చేతిలోనా?

ఈ ప్రశ్న నాకు సైకిలు మీద దొరికింది. కొన్ని సంవత్సరాల క్రితం ఉద్యోగం నిమిత్తం ఇంగ్లండులో, లీడ్స్ పట్టణం దగ్గర కాపురమున్నాము. అప్పుడు నాకు నలభై ఒక్క ఏళ్లు. చిన్నప్పుడు మా ఊళ్లో అద్దె సైకిలు తెచ్చుకొని, సీటు అందక కడ్డీ కింద నుండి కాలు దూర్చి తొక్కినవాణ్ణి. అక్కడ ఒక సైకిలు క్లబ్బులో చేరాను. అందులో అందరూ ఉద్యోగాలు చేసుకునేవారే. డబ్బు కోసం పందెం తొక్కేవారు ఒక్కరూ లేరు. వేసవిలో ప్రతి మంగళవారం సాయంత్రం పది మైళ్ల పందెం. అంటే 16 కిలోమీటర్లు.

దానిని టైమ్ ట్రయల్ అంటారు. అందరూ ఒక్కసారి బయలుదేరరు. నిమిషానికి ఒకరు చొప్పున బయలుదేరుతారు. వెనుక ఒకరు సీటు పట్టుకుని నిలబెడతారు. టైమ్ కీపరు ఐదు నుండి ఒకటి దాకా వెనక్కి లెక్కపెడతాడు. అంతే, ఇక మీరు, మీ కాళ్లు, గాలి, గడియారం! మరొకరి వెనుక నక్కి గాలి తప్పించుకోవడం నిషేధం. ఈ పద్ధతికి ఒక చరిత్ర ఉన్నది. 19వ శతాబ్దం చివరిలో అక్కడి సైకిలు సంఘం రోడ్ల మీద పందేలను నిషేధించింది. పందెమని పోలీసులకు తెలియకూడదని నల్ల బట్టలు వేసుకుని, తెల్లవారుజామున ఒక్కొక్కరుగా తొక్కే ఆచారం ఏర్పడింది. అటువంటి మొదటి పందెం 1895 అక్టోబరు 5న జరిగింది.

నా మొదటి మంగళవారం సంగతి వినండి. మూడవ మైలు దాటగానే, నా వెనుక నిమిషానికి బయలుదేరిన ఒక పెద్దాయన నన్ను దాటి వెళ్లిపోయాడు. ఆయనకు అరవై దాటాయి. నాకు పట్టిన సమయం 31 నిమిషాల 40 సెకన్లు. ఆయనకు 28 నిమిషాల చిల్లర. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా గురి అప్పుడే స్థిరమైపోయింది: ఆ ముసలాయనను ఓడించాలి!

తరువాతి వారం కావాలనే ఆయన తరువాత పేరు వ్రాయించుకున్నాను. ఆయన వీపు నా కళ్ల ముందు ఉంటుంది, వెంటాడి పట్టుకుంటాను అనుకున్నాను. మొదటి రెండు మైళ్లు ప్రాణం పెట్టి తొక్కాను. మూడవ మైలులో ఊపిరి అందలేదు. నాలుగవ మైలులో తొడలు రాళ్లయిపోయాయి. 33 నిమిషాలు పట్టింది. మొదటి వారం కంటే ఇంకా ఘోరం!

పందెమైన తరువాత ఊరి హాలులో టీ ఇస్తారు. ఆయనే కప్పు తెచ్చి నా పక్కన కూర్చున్నాడు. "ఈ రోజు ఎంత సమయం అనుకుని వచ్చారు?" అని అడిగాడు. సిగ్గు విడిచి నిజం చెప్పాను: "మీ సమయం కంటే తక్కువ." ఆయన నవ్వాడు. "నా సమయం మీ చేతిలో లేదు గదా! వచ్చే వారం నాకు జలుబు చేస్తే మీరు గెలుస్తారు. అప్పుడు మీరు సాధించిందేమిటి? నా జలుబా?" అన్నాడు.

స్నేహితులారా, కొంచెం ఆగి ఆలోచించండి. పక్కింటివారి కంటే పెద్ద ఇల్లు కట్టాలి, తోడికోడలి కొడుకు కంటే మన కొడుక్కి ఎక్కువ మార్కులు రావాలి. ఇవి మన గురులు కావా? ఇవన్నీ మరొకరి జలుబు మీద ఆధారపడిన గురులు. వారు పడిపోతే మనకు సంతోషం, వారు లేస్తే మనకు దుఃఖం. అటువంటి గురి మనలను ముందుకు నడిపించదు, పక్కకు చూస్తూ నడవడం నేర్పుతుంది.

ఆ రాత్రి ఇంటికి వచ్చి ఒక నోటుపుస్తకంలో వ్రాసుకున్నాను: "పది మైళ్లు, 30 నిమిషాల లోపు." అంటే గంటకు 20 మైళ్ల వేగం. తగ్గించవలసింది 100 సెకన్లు. ఇది చిన్న సంగతి అనుకున్నాను. కాదు! వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు అంతకంటే ఎక్కువగా పెరుగుతుంది. గాలితో పోరాడే శక్తి వేగానికి ఘనం చొప్పున కావాలి. అంటే వేగం నూటికి ఆరు వంతులు పెరగాలంటే శక్తి దాదాపు ఆరవ వంతు పెరగాలి. అందుచేత గురి పెట్టేటప్పుడు అది ఎంత ఎత్తున ఉందో ముందు కొలుచుకోవాలి. 30 నిమిషాలకు బదులు 25 అని వ్రాసుకుని ఉంటే, నెల రోజులకే నిరాశపడి సైకిలు అమ్మేసేవాణ్ణి.

తరువాత ఆ పెద్దాయన ఇంకొక మాట చెప్పాడు. "30 నిమిషాలు అనేది పందెం రోజు గురి. ఈ రోజు చేయవలసిన పని ఏమిటో పక్కన వ్రాయండి." కాబట్టి వ్రాశాను. వారంలో ఒక రోజు రెండు గంటలు నిదానంగా తొక్కాలి. ఒక రోజు నాలుగేసి నిమిషాలు గట్టిగా, మధ్యలో నెమ్మదిగా, ఇలా నాలుగుసార్లు చేయాలి. మంగళవారం పందెం. దాని ముందు రోజు విశ్రాంతి. విశ్రాంతి కూడా పనిలో భాగమే సుమండీ! శ్రమ పడినప్పుడు శరీరం అలసిపోతుంది, బలపడేది విశ్రాంతిలోనే. పందెంలో మొదటి మైలు కావాలనే కొంచెం తగ్గించి తొక్కడం నేర్చుకున్నాను. గాలికి ఎక్కువగా అడ్డుపడేది సైకిలు కాదు, మన శరీరమే గనుక, మోచేతులు దగ్గరకు తీసి, తల వంచి, దారి మీద చూపు తప్పకుండా తొక్కడం అలవాటు చేసుకున్నాను. ప్రతివారం సమయంతో పాటు గాలి, వాన కూడా వ్రాసేవాణ్ణి. ఎదురుగాలిలో పట్టిన 31 నిమిషాలు, ప్రశాంతమైన సాయంత్రం పట్టిన 31 నిమిషాలు ఒకటి కావు గదా!

సమయం తగ్గుతూ వచ్చింది. అప్పుడు నాకు ఆశ పెరిగింది. 25 మైళ్ల పందేలు ఎక్కువగా ఆదివారం ఉదయం జరుగుతాయి. ఒక ఆదివారం వెళ్లాను, మరొక ఆదివారం వెళ్లాను. నాలుగవ ఆదివారం ఇంటికి వచ్చేసరికి మా అమ్మాయి సండేస్కూలు గౌనులోనే కూర్చుని ఉంది. ఆ దినం సంఘంలో పిల్లల కార్యక్రమం. అది నెల రోజుల నుండి కంఠత వాక్యం నేర్చుకున్నది. తప్పు లేకుండా చెప్పిందట. "నాన్నా, నువ్వు లేవుగా" అన్నది. ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంత తేలికగా ఉండేది.

మా ఊరికి దగ్గరలోనే మోర్లీ అనే చోట ఒక స్త్రీ ఉండేది. ఆమె పేరు బెరిల్ బర్టన్. చిన్నతనంలో జబ్బుచేసి నెలల తరబడి ఆసుపత్రిలో గడిపింది. పెద్దదై పొలం పని చేస్తూ, ఇల్లు చూసుకుంటూ, ఔత్సాహికురాలిగానే పందేలు తొక్కింది. 1967 సెప్టెంబరులో పన్నెండు గంటల పందెంలో 277.25 మైళ్లు, అంటే 446 కిలోమీటర్లు తొక్కింది. పురుషుల రికార్డు కంటే అది ఎక్కువ! దారిలో పురుషులలో ముందున్న వ్యక్తిని దాటుతూ, అతనికి ఒక మిఠాయి బిళ్ల అందించింది. ఆమె ఆత్మకథ 1986లో వెలువడింది. దాని పేరు 'పర్సనల్ బెస్ట్', అంటే మనిషి తన వరకు తాను సాధించిన ఉత్తమ ఫలితం. అంతటి మనిషి, 1970ల మధ్యలో ఒక జాతీయ పందెంలో సొంత కుమార్తె తనను ఓడించినప్పుడు, ఆ బిడ్డతో చేయి కలపలేకపోయింది. ఆమెను నిందించుటకు ఇది చెప్పడం లేదు. నా గౌను పిల్ల ముందు నిలబడినప్పుడు, అంత గొప్పవారికే ఇంత కష్టమైతే నేనెంతటివాణ్ణి అనిపించింది.

ఆ రాత్రి నోటుపుస్తకంలో గురి పక్కన రెండవ గడి గీశాను. మొదటి గడిలో "ఏమి కావాలి?" రెండవ గడిలో "దాని కోసం ఏమి ఇవ్వను?" ఆదివారం ఇవ్వను అని వ్రాశాను. 25 మైళ్ల పందేలు మానుకున్నాను. మంగళవారం నాకు చాలు. అపొస్తలుడైన పౌలు కొరింథులోని విశ్వాసులకు పందెపు రంగాన్ని గూర్చి వ్రాశాడని మీకు తెలుసు. ఆ పట్టణానికి దగ్గరలోనే గొప్ప క్రీడలు జరిగేవి గనుక ఆ మాట వారికి వెంటనే అర్థమై ఉంటుంది. గురి లేకుండా పరుగెత్తడం వ్యర్థమే. కానీ ఏ గురి దేనికి లోబడి ఉండాలో తెలియకుండా పరుగెత్తడం ఇంకా ప్రమాదం.

ఆ సంవత్సరం ఆగస్టు చివరి మంగళవారం నా సమయం 30 నిమిషాల 7 సెకన్లు. ఏడు సెకన్లు! అంతటితో ఆ వేసవి పందేలు అయిపోయాయి. ఓడిపోయానా? నోటుపుస్తకం తీసి చూశాను. మొదటి వారం కంటే 93 సెకన్లు తగ్గాయి. ఎవరి జలుబు వలనా కాదు. చలికాలమంతా గ్యారేజీలో, స్టాండు మీద పెట్టిన సైకిలు తొక్కాను.

మరుసటి జూన్‌లో ఒక సాయంత్రం గాలి లేదు. ఆ పెద్దాయనకు అప్పటికి మోకాలి ఆపరేషన్ అయింది, తొక్కడం లేదు. అయినా ప్రతి మంగళవారం వచ్చి, బయలుదేరేవారి సీటు పట్టుకునేవాడు. ఆ దినం నా సీటు పట్టుకున్నది ఆయనే. "మీ పందెం మీరు తొక్కండి" అన్నాడు. తిరిగి వచ్చాక బోర్డు దగ్గరకు కుంటుకుంటూ వెళ్లి నా సమయం చదివింది కూడా ఆయనే: 29 నిమిషాల 38 సెకన్లు. ఆయన పాత సమయాన్ని నేను ఏనాడూ అందుకోలేదు. ఆ సాయంత్రం ఆ సంగతి నాకు జ్ఞాపకం కూడా రాలేదు.

ప్రియ శ్రోతా, మీరు సైకిలు తొక్కకపోవచ్చు. చదువు కావచ్చు, అప్పు తీర్చడం కావచ్చు, ఒక చెడు అలవాటు మానడం కావచ్చు. ఈ దినం ఒక కాగితం తీసుకోండి. మీ చేతిలో ఉన్న గురి ఒక్కటి వ్రాయండి. దాని కింద ఈ వారం చేయవలసిన పని వ్రాయండి. దాని పక్కన, దాని కోసం ఎన్నటికీ ఇవ్వకూడనిది ఏమిటో వ్రాయండి. ఆ మూడవది మీకు తోచకపోతే మీ ఇంట్లోవారిని అడగండి. వారికి తప్పక తెలుస్తుంది.

వచ్చే వారం ఇదే సమయానికి మరల కలుసుకుందాము. అంతవరకు మీకు క్షేమము కలుగును గాక.