పాత జీపు అమ్మకము

పాత బండిని కొనుట ఎట్లో చెప్పువారు వీధికి పదిమంది దొరుకుదురు. అమ్ముట ఎట్లో చెప్పువారు అంతగా కానరారు. పోయిన చలికాలములో మేము మా జీపును అమ్మితిమి. ఆ రెండు నెలలలో మాకు తెలిసివచ్చిన సంగతులు కొన్ని శ్రోతలతో పంచుకొనవలెనని ఈ ప్రసంగము.

జీపు 1940లో అమెరికా సైన్యము కొరకు పుట్టినది. రెండవ ప్రపంచయుద్ధము ముగియునాటికి విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేసినవి. యుద్ధానంతరము బొంబాయిలో మహీంద్రావారు విల్లీస్ జీపులను కూర్చి అమ్మసాగిరి. 1953లో వెలువడిన సి.జె.3బి అను నమూనా మన దేశమున దశాబ్దములపాటు తయారైనది. ఎత్తైన బానెట్టు దాని గుర్తు. అది అందమునకు చేసిన పని కాదు. క్రొత్త ఇంజను పాతదానికంటె పొడుగగుటచే మూతను పైకి లేపిరి. ఒకప్పుడు పల్లెలో దుమ్ము లేపుచు జీపు వచ్చినదన్న, తహశీల్దారుగారో, ఎన్నికలలో నిలిచిన పెద్దమనిషియో దిగబోవుచున్నారని జనము అరుగులపై లేచి నిలుచుండెడివారు. మన్యములో సంతలకు జనమును మోసినవియు ఆ బండ్లే.

మాది 1968 నాటి సి.జె.3బి. పదునెనిమిదేండ్లు మా వద్ద నున్నది. ఆదివారము వచ్చినచో హైదరాబాదు విడిచి వికారాబాదు అనంతగిరి కొండల ఎర్రమట్టి బాటలు, వర్షము వెలిసిన వాగులు, ఎడ్లబండ్ల దారులు పట్టి పోవుచుంటిమి. మూడు గేర్లు, మొదటి గేరు బండి నిలిచిన గాని పడదు. కాని చిన్న మీట లాగి నాలుగు చక్రములకును బలమిచ్చినచో, నడక వేగమున ఎంతటి గట్టునైనను ఎక్కును.

ఆ మోజులో బండికి మేము చేయని అలంకారము లేదు. కమాను కట్టలకు పట్టీలు చేర్చి మూడంగుళములు లేపితిమి. ఆరంగుళముల టైర్లు తీసి లావైనవి వేయించితిమి. ముందు బంపరునకు ఇనుప తాడు చుట్టు యంత్రమును, తలపైన గొట్టముల పంజరమును బిగించితిమి. ఒక్కొక్క మార్పు మరియొక చిక్కు తెచ్చినది. చక్రము పెద్దదైనందున వేగము చూపు ముల్లు తక్కువ చూపుచుండెను. చిన్న టైర్లకై కుదిర్చిన బ్రేకులు పెద్ద టైర్లను ఆపుటకు ఆయాసపడుచుండెను. వాగు దాటిన పిమ్మట తడి ఆరువరకు అవి ఉన్నవో లేవో తెలియకుండెను. బండి ఎత్తు పెరుగుటచే ఇరుసునకు బలము చేర్చు గొట్టపు కీళ్లు త్వరగా అరిగెను. ఇవి అన్నియు మాకు వేడుకగానే ఉండెను. అమ్మబోవువరకు వానిని లోపములని తలచలేదు.

ఒకటి మాత్రము వేడుక కాదు. నాలుగేండ్ల క్రిందట ఒక వాగు గట్టు విరిగి ముందు చక్రము గుంటలో పడినది. కుడి కమాను కొక్కెమునకు వెనుకగా ఛాసిస్ దూలము చిట్లినది. మా మేస్త్రీ ఇనుపరేకు అడ్డువేసి వెల్డింగు చేసెను. తరువాత మెల్లగానే నడుపుచుంటిమి.

ఇల్లు విడిచి అపార్టుమెంటునకు మారవలసివచ్చుటచే అమ్మకము తప్పలేదు. మా బావమరిది ఒక ఉపాయము చెప్పెను.

“బావగారూ, కింద నల్లరంగు కొట్టించండి. అతుకు కనబడదు, బండి కొత్తదిలా ఉంటుంది.”

మేస్త్రీ నవ్వెను. “రంగు వేస్తే తెలిసినవాడు అనుమానపడతాడు సార్. తెలియనివాడు కొనుక్కుంటాడు. మీకు ఎవడు కావాలి?”

మాకు సమాధానము వెంటనే తోచలేదు. రంగు డబ్బా రెండు వారములు ఇంటిలోనే ఉన్నది.

ఇంతలో చట్టము చదువవలసివచ్చినది. బండి కాగితములలోని వివరములకును, తయారుచేసినవారు నిర్ణయించిన రూపమునకును భేదము వచ్చునట్లు మార్పులు చేయరాదని 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానిని గట్టిగా నిలిపినది. ఏబదియేండ్లు దాటిన బండ్లను ప్రాచీన వాహనములుగా ప్రత్యేకముగా నమోదు చేయుటకు 2021లో కేంద్రప్రభుత్వము నియమములు చేసినది. కాని బండి తొలి రూపమున ఉండవలెను. మా జీపునకు ఆ గౌరవము పొందు వయస్సు వచ్చినది. యోగ్యత మేమే పోగొట్టితిమి. మేము ఖర్చుపెట్టి చేసిన మార్పులే బండి విలువను తగ్గించినవని తెలిసి కొంత సిగ్గుపడితిమి.

అదృష్టవశమున తీసిన సామానును పారవేయలేదు. పాత చక్రములు మెట్ల క్రిందను, చిల్లర సామాను ఒక గోనెసంచిలోను ఉన్నవి. బండిని మార్పించువారికి మేము చెప్పదగినది ఇదొక్కటే: విప్పిన మరను కూడ దాచుకొనుడు. మేస్త్రీ రెండు దినములలో పట్టీలు తీసి, పంజరము విప్పి, పాత టైర్లు ఎక్కించెను. జీపు పొట్టిదై, ముసలిదై కనబడెను. మాకు అది ఏలనో నచ్చినది.

చూడవచ్చినవారు పలువురు. ఒకడు బండి మాట ఎత్తక ఛాసిస్ సంఖ్యయు కాగితములును మాత్రమే అడిగెను. మా బండి పేరిట మరి ఏ బండి నడుచునో యని అతనికి నమస్కారము పెట్టితిమి. చివరకు విశాఖపట్టణమునుండి ఒక యువకుడు తండ్రితో వచ్చెను. బానెట్టు తెరచి చూచి మురిసిపోయెను. అప్పుడు మేము లైటు తీసికొని, బండి క్రింద గోనె పరచి, అతుకు చూపితిమి. దానిపై రంగు లేదు.

“మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదండీ” అనెను కుర్రవాడు.

“తెలిసేది నాయనా. లంబసింగి ఘాటులో తెలిసేది” అంటిమి.

తండ్రి ఏమియు అనలేదు. ఇరువురును వెళ్లిపోయిరి. బావమరిది మూడు దినములు మాతో సరిగా మాటలాడలేదు. అయిదవ దినమున ఆ తండ్రియే ఫోను చేసి, దూలము మార్పించుటకు నలువదివేలగునని, ఆ మేరకు ధర తగ్గింపుమని అడిగెను. ముప్పదివేలకు ఒప్పుకొంటిమి. బండిని రోడ్డుపై నడిపించుకొని పోరాదని, లారీపై పంపుదుమని మేమును ఒక షరతు పెట్టితిమి.

డబ్బు చేతికి వచ్చిన పిమ్మట సోమరితనము పుట్టును. అక్కడనే అపాయము. బండి అమ్మినను, రిజిస్ట్రేషను పేరు మారనిచో, ప్రమాదము జరిగినప్పుడు నష్టపరిహారపు బాధ్యత కాగితములలో పేరున్న యజమానిదేయని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 29, 30 సంఖ్యల ఫారములు నింపవలెను. ఒకే రాష్ట్రములోనైనచో అమ్మినవాడు పదునాలుగు దినములలో తెలుపవలెను. 2014 తరువాత హైదరాబాదు, విశాఖపట్టణము వేరు రాష్ట్రములలోనివి గనుక 28వ ఫారముతో నిరభ్యంతర పత్రము కూడ కావలసివచ్చినది. మేము ఆ కార్యాలయమునకు నాలుగుమారులు తిరిగితిమి. లారీ కదలిన తేదీయు, గంటయు, నిముషమును వ్రాసి ఇరుపక్షములవారమును సంతకములు చేసికొంటిమి.

నెల దాటిన పిదప పేరు మారిన పత్రపు నకలు వచ్చినది. దానితో ఒక ఫోటో: షెడ్డులో ఇటుకలపై నిలిపిన ఛాసిస్, ప్రక్కన విప్పిన చక్రములు, వెనుక నిలుచుండి నూనె చేతులతో కుర్రవాడు. రంగు డబ్బాను మా బావమరిది తన గేటునకు వాడుకొనెను.