బాణాలు ఎటు తిరిగాయి?

 

1983 జనవరిలో నేను కొత్త ఫిజిక్స్ లెక్చరర్ని. ఓట్ల లెక్కింపు డ్యూటీ వేశారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కాంగ్రెసేతర ముఖ్యమంత్రి లేడు. 1978 నుంచి అయిదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రులు మారారు గానీ పార్టీ మారలేదు. అప్పుడు తొమ్మిది నెలల పసిగుడ్డు తెలుగుదేశం 294 స్థానాల్లో 200కు పైగా గెలిచింది. ఇదంతా ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీకు మీ తాతయ్యలు చెప్పే ఉంటారు, కాస్త పెంచి.

నాకు గుర్తున్నది ఒక్క బ్యాలెట్ కాగితం. రెండు గుర్తుల మీదా బాణాల ముద్ర ఉంది. ఒకటి ముదురుగా, ఒకటి వెలవెలగా. చెల్లని ఓట్లలో వేయబోయాను. పక్కనున్న పెద్ద గుమాస్తా చెయ్యి పట్టుకున్నారు. "మాస్టారూ, బాణాలు ఎటు తిరిగాయో చూడండి." వెలిసిన ముద్రలో అవి ఎదురు తిరిగి ఉన్నాయి. తడి ఆరకముందే కాగితం మడిస్తే అటు అంటుకున్న మరక అది. దాన్ని పోల్చుకోవడానికే ఆ ముద్రను అలా చేశారట. ముందు వారమే క్లాసులో పార్శ్వ విలోమం, అంటే అద్దంలో కుడిఎడమలు తారుమారవడం, చెప్పి వచ్చిన ఎమ్మెస్సీని నేను! అవతలి పార్టీ ఏజెంటు వంగి చూసి, "వాళ్లదే, రాసుకోండి" అన్నాడు. తాము ఓడిపోతున్నామని అతనికి అప్పటికే తెలుసు.

మరుసటి ఏడు ఆగస్టులో గవర్నరు తెలుగుదేశం ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు గారిని తీసేసి, ఆయన స్థానంలో కూర్చోబెట్టిన నాదెండ్ల భాస్కరరావు గారికి బలం నిరూపించుకోవడానికి నెల రోజులు గడువిచ్చారు. రామారావు గారి ఎమ్మెల్యేలు కర్ణాటకలో క్యాంపులు పెట్టుకున్నారు, ఢిల్లీలో రాష్ట్రపతి ముందు నిలబడ్డారు. సభలో తలలు లెక్కపెడితే ఒక్క పూటలో తేలే పని! సెప్టెంబరులో రామారావు గారు తిరిగొచ్చారు.

లెక్కపెట్టకముందే తేల్చేస్తే ఏమవుతుందో అలా చూశాను; అందుకే మీ మీద నాకు బెంగ. ఎన్నికల ఫలితాల రోజు మొదటి రౌండు ఆధిక్యం కనబడగానే ఫార్వర్డు చేస్తారు, టపాసులు కాలుస్తారు, మూడో రౌండుకు మోసమంటారు. నవ్వకండి! మీ నాన్నల ప్రాక్టికల్ రికార్డుల్లో సంతకాలు పెట్టినవాణ్ణి. రీడింగు తీయకముందే గ్రాఫు గీసే విద్య మీ ఇళ్లలో పుట్టిందే.

ఆ ఎనభైమూడు లెక్కింపు తెల్లవారుజామున బయట జనం ఈలలు వేస్తుంటే గుమాస్తాగారు చివరి కట్ట విప్పి మళ్లీ లెక్కపెట్టారు. నాకు నిద్ర ముంచుకొస్తోంది, విసుక్కున్నాను కూడా.

సరే, పట్టా చేతికి రాగానే సెల్ఫీ తరువాత దిగుదురుగానీ, ముందు మీ పేరు, ఇంటిపేరు, హాల్‌టికెట్ నంబరు సరిచూసుకోండి. పరీక్షల విభాగం అయిదింటికి మూసేస్తారు.