ఎండాకాలంలో ఇంట్లోనే సైకిలు తొక్కుదాం
(షుగరు, బి.పి. ఉన్నవారి కొరకు జరిగిన ఆరోగ్య సదస్సులో ఒక నర్సు చేసిన ప్రసంగ పాఠం)



ఏప్రిల్ వచ్చేసరికి మన షుగరు పేషెంట్లలో చాలామంది నడక మానేస్తారు. “ఎండలు తగ్గాక మొదలుపెడతానమ్మా” అంటారు. ఆ తగ్గటం జూన్ నెలాఖరుకు గాని జరగదు. వ్యాయామం వలన ఇన్సులిన్ బాగా పనిచేసే మేలు ఒకటి, రెండు రోజులు, మహా అయితే మూడు రోజులు ఉంటుంది. తర్వాత మళ్ళీ మొదటికే వస్తుంది. మూడు నెలలు మానేస్తే ఏమవుతుందో జూలైలో రక్తపరీక్ష కాగితమే చెబుతుంది. అప్పుడు “మాత్రలు మానలేదు కదమ్మా, ఎందుకు పెరిగింది?” అని అడుగుతారు. మామిడిపండ్ల సంగతి వేరే రోజు మాట్లాడుకుందాం.

అలాగని ఎండకు భయపడటం తప్పు కాదు. 2015 మే నెలలో వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. మన నరసాపురంలో రెంటచింతల అంత ఎండ ఉండదు గదా అంటారు కొందరు. నిజమే, కాని మనకు ఉక్కపోత ఎక్కువ. ఒంటికి పట్టిన చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. సముద్రం, గోదావరి, చేపల చెరువులు అన్నీ చుట్టూ ఉన్న మన ఊళ్ళో గాలిలోనే తేమ నిండి ఉంటుంది గనుక చెమట కారుతుంది గాని ఆరదు. థర్మామీటరు 37 డిగ్రీలే చూపించినా గుండెకు శ్రమ పెరుగుతుంది. అందుచేత రోహిణీ కార్తెలో గట్టు మీద నడవండి అని నేను ఎవరికీ చెప్పను. ఇంట్లో నిలబెట్టి తొక్కే సైకిలు గురించి చెబుతాను.

ఈ సైకిలు మనలో చాలామంది ఇళ్ళల్లో ఇప్పటికే ఉంది. కువైట్ నుంచో, హైదరాబాద్ నుంచో వచ్చిన పిల్లలు కొనిపెట్టి వెళ్తారు. నాలుగు రోజులు తొక్కాక దాని హ్యాండిల్ మీద తువాళ్ళు ఆరేస్తాం. కారణం బద్ధకం ఒక్కటే కాదు. గోడను చూస్తూ తొక్కటం ఎవరికైనా విసుగే.

ఆ విసుగుకు మందుగా వచ్చిందే ఈ వర్చువల్ సైక్లింగ్. సైకిలు ఇంట్లో కదలకుండా ఉంటుంది, ఎదురుగా టీవీ మీదో, సెల్‌ఫోన్‌లోనో రోడ్డు కదులుతుంది. ఖరీదైన యంత్రాలలో తెర మీద కొండ వస్తే పెడలు దానంతటదే బరువెక్కుతుంది. 2020లో కరోనా వలన టూర్ డి ఫ్రాన్స్ పందెం ఆగస్టుకు వాయిదా పడింది. అప్పుడు జూలైలో పేరున్న సైకిలు వీరులు ఎవరిళ్ళల్లో వారు ఉండి, జ్విఫ్ట్ అనే కార్యక్రమంలో వర్చువల్ టూర్ డి ఫ్రాన్స్ తొక్కారు. మనకు అంత యంత్రం అక్కరలేదు. మామూలు వ్యాయామ సైకిలు ముందు ఫోను నిలబెట్టి ఏదైనా రోడ్డు వీడియో పెట్టుకోండి. దారి ఎత్తు ఎక్కినప్పుడు మీరే బిగువు మర నాలుగో వంతు తిప్పుకోండి, దిగినప్పుడు వదులు చేయండి. వంతెన తప్ప ఎత్తు ఎరుగని డెల్టా వాళ్ళం, మనమూ మారేడుమిల్లి ఘాట్ ఎక్కవచ్చు!

కాని కుర్రవాళ్ళతో ఒక మాట. తెర మీద పక్కవాడిని దాటాలని రొప్పుతూ తొక్కటం ఎండాకాలంలో ప్రమాదం. తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. బి.పి.కి, గుండెకు వాడే కొన్ని మాత్రలు నాడిని నెమ్మదింపజేస్తాయి గనుక నాడి లెక్క కన్నా ఈ గుర్తే మేలు.

లేసు అల్లే అక్కలకు ఇది మరీ మంచిది. రోజంతా కాళ్ళు మడిచి కూర్చునే పని మీది. సీటు మీద ఒంటి బరువు ఆనుతుంది గనుక నడకకన్నా మోకాళ్ళపై భారం తక్కువ. సీటు ఎత్తు మాత్రం చూసుకోండి. పెడలు అడుగుకు వెళ్ళినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. సీటు మరీ కిందికి ఉంటే ఉన్న నొప్పి పెరుగుతుంది. ఇంట్లో మామూలు సైకిలుకు స్టాండు వేసి ఎక్కి తొక్కవద్దు, పక్కకు పడిపోతారు.

ఇక అసలు జాగ్రత్త. రోడ్డు మీద సైకిలు తొక్కితే ఎదురుగాలి మనల్ని చల్లబరుస్తుంది. ఇంట్లో ఆ గాలి లేదు. కండరం వాడే శక్తిలో మూడొంతులకు పైగా వేడిగానే బయటకు వస్తుంది. కాబట్టి ఫ్యాను ఎదురుగా ఉండాలి, కిటికీ తెరిచి ఉండాలి. కరెంటు పోతే దిగిపోవాలి. రేకుల ఇళ్ళల్లో మధ్యాహ్నం బయటకన్నా లోపలే వేడి. అలాంటివారు తెల్లవారుజామున వరండాలో తొక్కాలి. గదిలో 40 డిగ్రీలు దాటితే ఫ్యాను గాలి కూడా ఒంటికి వేడినే ఎక్కిస్తుంది, ఆ రోజుకు మానేయండి.

మొదటి వారం పది నిమిషాలే. వేడికి ఒళ్ళు అలవాటు పడటానికి ఒకటి, రెండు వారాలు పడుతుంది. తర్వాత మెల్లగా అరగంటకు రండి. వారానికి ఐదు రోజులు తొక్కితే 150 నిమిషాలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి చెప్పిన కనీస లెక్క అదే. ముందు ఒక గ్లాసు, మధ్యలో కొంచెం కొంచెంగా నీళ్ళు తాగండి. గుండె నీరసం వలనో, కిడ్నీ జబ్బు వలనో నీళ్ళు తగ్గించమని డాక్టరు గారు చెప్పినవారు ఆయన్ని అడిగాకే మొదలుపెట్టాలి. కిడ్నీ రోగులు కొబ్బరినీళ్ళ జోలికి పోవద్దు, అందులో పొటాషియం ఎక్కువ.

ఇన్సులిన్ చేసుకునేవారు తొక్కే ముందు తొడకు సూది వేసుకోవద్దు. కండరం కదిలితే మందు త్వరగా రక్తంలోకి దిగి షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. పొట్టకు వేసుకోండి. ఇన్సులిన్ గాని, షుగరు పడగొట్టే మాత్రలు గాని వాడేవారు షుగరు 100 కంటే తక్కువ ఉంటే ఏదైనా తిని ఎక్కండి. కాళ్ళు తిమ్మిరెక్కేవారు బూట్లు వేసుకుని తొక్కి, దిగాక అరికాళ్ళు చూసుకోండి. కాలి మీద మానని పుండు ఉన్నవారు, శ్రమపడితే ఛాతీలో నొప్పి వచ్చేవారు సైకిలు ఎక్కవద్దు, ముందు మా దగ్గరకు రండి.

ఇంట్లోవారు కూడా ఒకటి తెలుసుకోవాలి. షుగరు పడిపోయినా, వడదెబ్బ మొదలైనా కళ్ళు తిరగటం, నీరసం, తడబాటు ఒకేలా కనిపిస్తాయి. అది ఏదో తేల్చుకుంటూ కూర్చోవద్దు. మనిషిని దింపి, నీడలో పడుకోబెట్టి, తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ విసరండి. తెలివిగా ఉండి మింగగలిగితే పంచదార నీళ్ళు ఇవ్వండి, రెండింటిలో దేనికైనా నష్టం లేదు. మాట తడబడుతూ ఒళ్ళు కాలిపోతుంటే, లేదా స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయండి. వాళ్ళు వచ్చేవరకు ఒంటి మీద నీళ్ళు పోస్తూ గాలి విసురుతూనే ఉండండి.

సైకిలు లేనివారు దిగులుపడవద్దు. కుర్చీలో కూర్చుని పెడళ్ళు మాత్రమే తొక్కే చిన్న పరికరం ఒకటి మా ఫిజియోథెరపీ గదిలో ఉంది. సోమవారం వచ్చి తొక్కి చూడండి. బూట్లు మరచిపోకండి.