పాత వెర్షన్‌ని ఎన్నాళ్లు మోయాలి?

బిల్లు మీద బ్యాచ్ నంబర్ ప్రింట్ చేసే నా ప్లగిన్‌ని పటాన్‌చెరు, పాశమైలారం వైపు కొన్ని చిన్న యూనిట్లు వాడుతున్నాయి. ట్యాలీప్రైమ్ 2020 నవంబర్‌లోనే వచ్చింది. అయినా కొందరు ఇంకా పాత ట్యాలీ ఈఆర్‌పీ 9 మీదే ఉన్నారు. నేను ఏ చిన్న మార్పు చేసినా రెండింటిలోనూ టెస్ట్ చేయాలి.

మరి పాతదాన్ని ఆపేద్దామా? ఎంతమంది వాడుతున్నారనే లెక్కొక్కటే చాలదు. కింద ఉన్నది గట్టిగా ఉందా అని చూడాలి. వాళ్లలో కొందరిది విండోస్ 7. దానికి మామూలు అప్‌డేట్లు 2020 జనవరి 14నే ఆగిపోయాయి. నా ప్లగిన్ బాగా నడుస్తుంటే, అకౌంటెంట్ అన్న సిస్టమ్ అంతా బానే ఉందనుకుంటాడు. అసలు ప్రమాదం అదే. పునాది బీటలిస్తే గోడకి సున్నం వేసి ఏం లాభం?

అలాగని రేపే ఆపలేం. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లకి జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ. ఆ వారంలో బిల్లు ప్రింట్ కాకపోతే వాళ్ల పని మొత్తం ఆగుతుంది.

అందుకే నా నిర్ణయం ఇది: పాత వెర్షన్‌కి కొత్త ఫీచర్లు ఇవాళ్టి నుంచే బంద్. బిల్లులో తప్పొస్తే మాత్రం మార్చి 31 దాకా సరిచేస్తా. ఏప్రిల్‌లో ఎలాగూ కొత్త లెక్కలు మొదలవుతాయి, మారడానికి అదే మంచి టైమ్. ఈ తేదీని ప్రతి యూనిట్‌కీ ఇప్పుడే ఫోన్ చేసి చెప్తున్నా. ఆపడం తప్పు కాదు, చెప్పకుండా ఆపడం తప్పు.