యద్దనపూడి నవలలు: ఏది ముందు చదవాలి?

ప్రేమ నవల చదవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదనేవారికి యద్దనపూడి సులోచనారాణిగారి పుస్తకాలే నేను చెప్తాను. ఆమె కృష్ణా జిల్లా కాజలో పుట్టారు, 2018లో అమెరికాలో కన్నుమూశారు.

అందరూ 'సెక్రటరీ' పేరే ముందు చెప్తారు. నేను మాత్రం 'మీనా' ముందు చదవమంటాను. డబ్బున్న ఇంట్లో, తల్లి గీసిన గీత దాటకుండా పెరిగిన అమ్మాయి మీనా. ఏ చీర కట్టాలో, ఎవరితో మాట్లాడాలో కూడా తల్లి ఇష్టమే. అలాంటి పిల్ల తండ్రి పుట్టిన పల్లెకు వెళ్తుంది. అక్కడ కృష్ణ అనే రైతు, చుట్టూ నిండుగా మనుషులు. ప్రేమకథే అయినా, భార్య మాటకు ఎదురుచెప్పలేని ఆ తండ్రి మౌనం నన్ను ఎక్కువ కదిలిస్తుంది. ఈ నవలనే విజయనిర్మల 1973లో సినిమాగా తీశారు.

తర్వాత 'సెక్రటరీ' తీసుకోండి. బామ్మ పెంపకంలో ఎదిగిన జయంతి ఉద్యోగానికి వెళ్తుంది. రాజశేఖరం ఎంత ఆస్తిపరుడైనా ఆమె తన ఆత్మాభిమానం వదులుకోదు. ఆడపిల్లలు ఆఫీసుల్లో అడుగుపెడుతున్న 1960ల్లో పాఠకురాళ్లు జయంతిని సొంతం చేసుకున్నారంటే అందుకే. రాజశేఖరం మరీ లోపం లేని మనిషిలా కనిపిస్తాడన్నది నిజమే. జయంతి మాత్రం ఇవాళ్టికీ సజీవమే.

ఈ రెండూ నచ్చితే 'జీవన తరంగాలు' ఉండనే ఉంది. మీ ఊరి గ్రంథాలయంలో అడిగి చూడండి.