ఒకే గూటిలో రెండు దీపములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



పూర్వుల భక్తినిగూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యదర్శిగారు నన్ను కోరిరి. మహాభక్తుల చరిత్రలు మన గ్రంథాలయములోనే యున్నవి, చదువుకొనవచ్చును. ఏ గ్రంథమునకును ఎక్కని యిద్దరినిగూర్చి నేను చెప్పెదను. వారు మా తాతగారు, మా నాయనమ్మగారు.

వారి వివాహము శుక్ల నామ సంవత్సర మాఘమాసమున, అనగా 1930 ఫిబ్రవరిలో జరిగినది. ఆ యేడు ఏప్రిల్ 1వ తేదీనుండి శారదా చట్టము అమలులోనికి రానుండెను. ఆడపిల్లకు 14, మగపిల్లవానికి 18 యేండ్లు నిండనిదే పెండ్లి చేయరాదని దాని శాసనము. ఆ గడువు దాటకమునుపే పెండ్లి చేయవలెనని తల్లిదండ్రులెందరో తొందరపడి పందిళ్ళు వేయించిన దినములవి. వరునికి 14, వధువునకు 8. వారి యిష్టమును ఎవరును అడుగలేదు. అట్టి పెండ్లిని నేను మెచ్చుకొనుట లేదు. అయినను, పెద్దలు వేసిన ముడిని ఆ యిద్దరును పిమ్మట తమంత తాము తమదిగా చేసికొనిన తీరు చెప్పదగినది.

తాతగారిది రామభక్తుల కుటుంబము. నాయనమ్మగారి పుట్టినింటివారు శివపూజ కానిదే పచ్చిగంగ ముట్టనివారు. ఆమె కాపురమునకు వచ్చుచు కార్తిక సోమవారపు ఉపవాసములను వెంట తెచ్చుకొనిరి. అత్తవారు గొణిగినను తాతగారు వలదనలేదు. గోడ గూటిలో రామపటము ప్రక్కనే ఆమె శివునికిని చోటు చూపిరి.

1944లో వారి పెద్దకుమారుడు, అయిదేండ్లవాడు, మశూచికమున పోయెను. నాటినుండి తాతగారు రామాలయపు గడప త్రొక్కలేదు. భాగవతము మూట విప్పలేదు. ఆమెయు కన్నతల్లియే, ఆమె దుఃఖము తక్కువది కాదు. అయినను భర్తకు నీతులు చెప్పలేదు. ప్రతి సందెవేళ తన శివునికొక దీపము, భర్త విడిచిన రామునికొక దీపము పెట్టుచుండిరి. ఇరుగుపొరుగు వారడుగగా, “రాముడి మీద అలిగింది ఆయన గదా, నేను కాదు” అనెడివారట.

ఏడేండ్లు ఇట్లే గడచెను. ఒకనాడామె జ్వరముతో మంచము పట్టిరి. చీకటి పడినను గూటిలో దీపము లేదు. తాతగారు దాని యెదుట కొంతసేపు నిలిచి, కాళ్ళు కడుగుకొని వచ్చి, రెండు దీపములును తామే వెలిగించిరి. మరునాడు భాగవతము మూట విప్పిరి. కోపము తీరెనా యని మా తండ్రిగారొకమారు అడుగగా, “ఆమె కష్టం వృథా పోగూడదనుకున్నాను” అని మాత్రము చెప్పిరట.

తిక్కన సోమయాజి తన భారతమును హరిహరనాథునకు అంకితమిచ్చెను. వీరభద్ర విజయము వ్రాసిన పోతనయే శ్రీరాముని యానతిచే భాగవతమును తెనిగించెను. ఈ సంగతులు నేను పుస్తకములలో చదివి తెలిసికొంటిని. వాని యర్థము మాత్రము మా యింటి గూటియొద్దనే తెలిసినది. పరుల దైవమును నిందింపకుండుట మర్యాద. తోడివాని చేయి పట్టు తప్పినపుడు వాని దైవమునకును చమురు పోయుట భక్తి.

వార్ధకమున నాయనమ్మగారికి మోకాళ్ళు పట్టి నడక కష్టమయ్యెను. అప్పుడు కార్తిక సోమవారములందు శివాలయమునకు దీపము గొనిపోయినవారు తాతగారే. ఇది నేను కన్నులార చూచినది. గాలికి ఆరకుండ ఉత్తరీయము అడ్డుపెట్టి మెల్లగా నడచెడివారు.

అరువదేండ్లు తిరిగి 1990లో శుక్ల నామ సంవత్సర మాఘము మరల వచ్చెను. సంబరము చేయుదుమని పిల్లలనగా వారిద్దరును ఒప్పుకొనలేదు. మరుసటి యేడు నాయనమ్మగారు గతించిరి. తాతగారు తరువాత రెండేండ్లు జీవించిరి. ఆ రెండు కార్తికములందును సోమవారపు దీపము తప్పలేదు.

వారి భాగవతము ఇప్పుడు మన గ్రంథాలయపు బీరువాలో నున్నది. పుటలపై అక్కడక్కడ నూనె మరకలు కనబడును. పాఠకులు వానిని చూచి పుస్తకము పాడైనదని ప్రక్కన పెట్టవలదని మనవి. పద్యములన్నియు చక్కగా చదువ వచ్చుచున్నవి.