దాత ధనము – జనుల చేతులు



అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున, అఖాతపు టొడ్డున, క్రిస్సీ ఫీల్డు అను మైదానము కలదు. అది పూర్వము ఉప్పునీటి చిత్తడినేల. 1915 నాటి మహాప్రదర్శనమునకై దానిని పూడ్చిరి. పిమ్మట సైన్యము అచట విమానాశ్రయము నెలకొల్పెను. 1994లో ఆ నేల జాతీయోద్యానముల శాఖవారి వశమయ్యెను. దానికి పూర్వరూపము తెచ్చుటకు ఎవెలిన్, వాల్టర్ హాస్ దంపతుల కుటుంబ ధర్మనిధి, ఉద్యానములకు తోడ్పడు సేవాసంఘమునకు 1 కోటి 80 లక్షల డాలర్లు ఒసగెను.

అయినను ధనము మొక్క నాటజాలదు గదా! వేలకొలది పౌరులు స్వచ్ఛందముగా వచ్చి సుమారు లక్ష మొక్కలు నాటిరి. 1999లో సముద్రపు పోటు మరల లోనికి వచ్చెను. పక్షులును మరలి వచ్చెను. 2001లో ఆ స్థలము ప్రజలకు తెరువబడెను. తన చేత నాటిన మొక్కను ఎవ్వడును త్రొక్కనీయడు.

గ్రంథాలయమునకును ఇదియే ధర్మము. దాత భవనము నిచ్చును. ప్రాణము నిచ్చువాడు పాఠకుడే.